నలభై మూడో నంబరు

శనివారం సాయంత్రం, కొట్టు కట్టేసే వేళకి వెళ్ళాలి.
రోజంతా నడిచిన పాదం అప్పటికి కాస్త ఉబ్బి
అబద్ధం చెప్పడం మానేస్తుందని
మార్యెతా అంటుంది.
యెసెనిత్సె బజారులో మూడు తరాల కొట్టు ఆమెది,
తలుపు తీస్తేనే తోలూ తేనెమైనమూ కలిసిన వాసన.

గాష్పెర్‌కి పదిహేను.
గోడ మీద పచ్చగా మెరిసే జోడునే చూస్తున్నాడు,
ఈకంత తేలిక, క్లాసులో అందరికీ అవే.
మార్యెతా ఒకటి తీసి రెండు చేతుల్తో
తడిబట్ట పిండినట్టు మెలిపెట్టింది.
అది మెలిపడింది.
"సున్నపురాళ్ళ మీద ఒక్క వేసవి," అంది. "అంతే."

తర్వాత దించింది తోలువి.
మట్టిరంగు, మొరటువి, ఒక్కోటీ నిన్నటి రొట్టెంత బరువు.
కుట్టు చూడు, అతుకు కాదు, కుట్టు, అంది.
అడుగు అరిగితే కొత్త అడుగు వేయించుకోవచ్చు.
నాలుక రెండు పక్కలా కుట్టేసి ఉంది,
వాగులో దిగినా లోపలికి చుక్క రాదు.
కొన్ని ఇంటి నాలుకలు కూడా అలా కుట్టించుకుంటే బాగుండు
అన్నాను, వాడి వైపు చూస్తూ.
వాడు నవ్వలేదు.

"ఎన్నాళ్ళు మన్నాలి?"
"వీడి చదువు అయ్యేదాకా."
మార్యెతా కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
"జోడు మన్నుతుంది, జ్దెంకా.
పాదమే మన్నదు."

నా కోటు జేబులో కవరుంది.
బ్లెడ్ హోటల్లో వేసవంతా ఉతికిన దుప్పట్లు,
దిండు కింద ఎవరో మరిచినట్టు వదిలిన నాణేలు,
మడిచి మడిచి మెత్తబడిన నోట్లు.
ఇంత పోసి కొన్నాక ఏడాదికే ఇరుకైతే?
ఒక సైజు పెద్దది తీసుకుందాం అన్నాను.
వద్దంది. మడమ లోపల ఈదుతుంది,
కొండ దిగేలోపు బొబ్బలు పగులుతాయి.
మడమ వెనక ఒక వేలు పట్టాలి. ఒక్కటే.
నా వేలు దూర్చి చూశాను.
మేజోడు పైన పిక్క మీద నల్లటి వెంట్రుకలు,
ఎప్పుడొచ్చాయో.

కొట్టు మూలన రాళ్ళు పొదిగిన ఏటవాలు బల్ల.
దిగమంది. దిగాడు.
"వేళ్ళు కొట్టుకున్నాయా?"
"రెండో వేలు."
రెండో వేలు. బొటనవేలి కంటే పొడుగు.
అది వీడి తండ్రిది. అతను ఇప్పుడు
సొరంగానికి అవతల, ఆస్ట్రియాలో ఉంటాడు.
వేలు మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

ఇంకో పెట్టె తేవడానికి మార్యెతా లోపలికెళ్ళింది.
నలభై మూడు.

బెంచీ మీద కూర్చుని నా కాళ్ళు చూసుకున్నాను.
నేను వేసుకున్నవి వాడివే.
ముప్పై తొమ్మిదో నంబరు, ఎడమదాని తాడు తెగి ముడి,
రెండు మేజోళ్ళు తొడిగితే నాకు సరి.
అందరిళ్ళలో పెద్దవాళ్ళవి పిల్లలకి దిగుతాయి.
మా ఇంట్లో మూడేళ్ళుగా
వాడు విడిచింది నేను తొడుక్కుంటున్నాను:
ముందు మంచువి, తర్వాత వానవి, తర్వాత ఇవి.
నలభై ఒకటికి కాగితాలు కుక్కి చూశాను.
వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చాను.

వాడు తాళ్ళు బిగించి లేచాడు.
మార్యెతా తల వాడి భుజం దగ్గర.
బల్ల ఎక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు,
ఎవరూ అడక్కుండానే.
"కరవట్లేదు," అన్నాడు, గోడ వైపు చూడకుండా.
"వీటితో స్తోల్ ఎక్కొచ్చు."
తర్వాత, గొంతు తగ్గించి,
"నీకు పనికిరావు కదా."

రావు, అన్నాను. కవరు తీశాను.

చిల్లర లెక్కపెట్టాక మార్యెతా
మోకాళ్ళు పట్టుకుని నా ముందు వంగింది,
ఆ ముడి తాడు లాగేసి కొత్తది ఎక్కించింది.
రసీదులో అది రాయలేదు.

బస్సులో వాడి కొత్త కాళ్ళు సీటు కింద పట్టక
మధ్య దారిలోకి చాపుకున్నాయి.
ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ చూసుకుని దాటుతున్నారు.
వాడు కిటికీకి నుదురానించి
చీకట్లో కొండ ఎక్కడుందో వెతుకుతున్నాడు.